అప్పయమ్మకు రిలీవర్

సేవ చేయాలన్న కోరిక మనిషికి తనంతట తాను పుట్టదని, దాన్ని పుట్టించడానికి ఒక కమిటీ, ఒక రబ్బరు స్టాంపు, తక్కువలో తక్కువ పది మడత కుర్చీలు కావాలని నాగరిక ప్రపంచం చాలాకాలం క్రితమే తేల్చేసింది. యువకుల విషయంలో ఈ అవసరం మరీ ఎక్కువ. ప్రోత్సహించకుండా వదిలేసిన యువకుడు ఏం చేస్తాడో చెప్పలేం. ఒక్కోసారి నిజంగానే ఎవరికైనా సాయం చేసి కూర్చుంటాడు.

1985ను ప్రపంచమంతా యువజన సంవత్సరంగా జరుపుకుంది. ఆ కబురు బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని ఆంధ్ర హితైషిణీ సంఘానికి ఆగస్టు నెలాఖరులో చేరింది. (బండి కోసం ఎదురుచూడడం అలవాటైన ఊరు కనుక ఆలస్యానికి ఎవరూ నొచ్చుకోలేదు.) ఏడాదిలో మిగిలింది నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లోనే కాలనీ యువతనంతా ప్రోత్సహించి పారేయాలి. సంఘం హడావిడిగా సమావేశమై యువజన స్వచ్ఛంద సేవా ప్రోత్సాహక కమిటీని వేసింది. బొగ్గు కంపెనీలో ఆఫీసరు, రాజ్‌కిశోర్ నగర్‌లో సొంతిల్లు కట్టుకున్న రాఘవయ్య గారు అధ్యక్షులు. కార్యదర్శి త్రినాథరావు గారు.

త్రినాథరావు గారు లోకో షెడ్డులో ముప్పై ఏళ్ళు డ్రైవర్లకు డ్యూటీలు వేసి రిటైరయిన మనిషి. ఎవడు ఏ బండి ఎక్కాలి, ఎక్కడ దిగాలి, వాడి చోట ఎవడు ఎక్కాలి అన్నదంతా ఆయన కలంలో ఉండేది. మనుషుల గురించి ఆ ముప్పై ఏళ్ళలో ఆయన గ్రహించిన సత్యాలు రెండే. ఇంటికి కాల్‌మేన్‌ని పంపి పిలిపిస్తే తప్ప ఎవడూ డ్యూటీకి రాడు. తన చోట ఎక్కే రిలీవర్ వస్తే తప్ప ఎవడూ డ్యూటీ వదలకూడదు. ఈ రెండింటి మీదే రైళ్ళు నడుస్తున్నాయి. రైళ్ళు నడిచినప్పుడు సేవ మాత్రం ఎందుకు నడవదు?

మొదటి పనిగా కాలనీలో సేవ ఏ మాత్రం ఉందో సర్వే చేశారు. లేదని తేలితేనే కదా కమిటీకి పని. అన్ని వీధుల్లోనూ సర్వే సజావుగా సాగింది. సంఘం హాలు వెనక వీధిలో మాత్రం ఒక అవకతవక బయటపడింది.

ఆ అవకతవక పేరు సూర్యం. బి.కాం. పాసయి, ఉద్యోగం కోసం ఎదురుచూడడమే ఉద్యోగంగా ఉన్నవాడు. అతని పక్క క్వార్టరులో అప్పయమ్మ ఉంటుంది. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా పనిచేసి పోయిన అప్పలసూరి భార్య. డెబ్బై దాటాయి. కుడికన్ను చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడే పోయింది. ఎడమకంటికి ఇప్పుడు శుక్లం ముదిరి, మనిషి ఎదురుగా నిలబడితే మబ్బు పట్టినట్టు కనబడుతుంది తప్ప ఎవరో తెలియదు. గొంతును బట్టి, చెప్పుల చప్పుడును బట్టి పోల్చుకుంటుంది.

అర్పా నది అవతల, సర్కండాలో, ఒక ధర్మాసుపత్రి ఉంది. అప్పయమ్మకి అక్కడి కళ్ళ డాక్టరు మీదే గురి. ఆయన మంగళవారం మాత్రమే కూర్చుంటాడు. డిసెంబరులో ఒక్క మంగళవారం పెద్ద డాక్టర్లు వచ్చి ఆపరేషన్లు చేస్తారని, ఒంట్లో చక్కెర దిగితే ఆమెకీ చేస్తారని, అందాకా వారం వారం వచ్చి పరీక్ష చేయించుకోమని చెప్పాడు. ఈ డిసెంబరు తప్పితే మళ్ళీ వచ్చే డిసెంబరే. అంతవరకూ ఆ కన్ను ఆగకపోవచ్చని కూడా మెల్లగా చెప్పాడు. ఉన్నది ఒక్క కన్ను.

కొడుకు అమ్మన్న గూడ్సు గార్డు. ఇంట్లో పడుకున్న రాత్రులకంటే బ్రేక్‌వ్యాన్‌లో పడుకున్నవే ఎక్కువ. కోడలు చిన్నతల్లికి చంకకొకరుగా కవలపిల్లలు. అందుకని మంగళవారం పొద్దున్నే సూర్యం వచ్చి సైకిలు బెల్లు కొట్టేవాడు. మామ్మ కేరియర్ మీద తువ్వాలు వేసుకుని కూర్చునేది. దారిపొడుగునా ఏమేం కనబడుతున్నాయో వాడు చెబుతూ తొక్కేవాడు. మిఠాయి కొట్టుకు కొత్త బోర్డు పెట్టారు, దూది ఏకేవాడు మేనల్లుణ్ణి పనిలో పెట్టుకున్నాడు, అర్పాలో నీళ్ళు ఈ వారం ఇసుక తిన్నె దాటలేదు. నిజం చెప్పాలంటే ఆమెకి మందుకంటే ఈ కబుర్లే బాగా పనిచేసేవి. ఇంటికి చేరాక, తాను నోట పెట్టకూడని సున్నుండలు రెండు వాడి చేతిలో పెట్టేది.

ఈ వ్యవహారం ఏడు నెలలుగా కమిటీ లేకుండా జరుగుతోందని తెలిసి సంఘం నిర్ఘాంతపోయింది.

సూర్యాన్ని హాలుకు పిలిపించి ముందు దండ వేశారు, తర్వాత విచారించారు. ఎవరి ఆర్డరు మీద చేస్తున్నావని అడిగారు. ఎవరిదీ లేదన్నాడు. ఎవరు ప్రోత్సహించారని అడిగారు. ఎవరూ లేదన్నాడు. మరి ఎందుకు చేస్తున్నావయ్యా అంటే, మామ్మకి కళ్ళు కనబడవు, నా దగ్గర సైకిలుంది అన్నాడు. రాఘవయ్య గారు ఈ తరానికి ఆశయాలంటూ లేకుండా పోతున్నాయని బాధపడ్డారు.

సూర్యం సేవలో కమిటీ మూడు లోపాలు కనిపెట్టింది. కాల్ లేకుండా వెళ్ళడం ఒకటి. రిలీవర్ లేకుండా ముగించడం రెండు. సున్నుండల రూపంలో ప్రతిఫలం పుచ్చుకోవడం మూడు. అయినా కుర్రవాడి వయసు చూసి క్షమించి, అతన్ని మొదటి వాలంటీరుగా నమోదు చేసుకుని, జేబుకి తగిలించుకునే బిళ్ళ ఇచ్చి, ఊరి అవతలి కొసనున్న మంగ్లాకు వేశారు. (సొంత వీధిలో సేవ చేస్తే అభిమానం అడ్డొస్తుంది. పోస్టింగుల్లో ఇది అందరికీ తెలిసిన సూత్రమే.) మంగ్లాలో సేవ కావాలని ఎవరూ అడగలేదు. అడిగితే పంపడానికి వీలుగా సూర్యం ప్రతి మంగళవారం పొద్దుట నుంచి సాయంత్రం దాకా హాల్లో రిజర్వుగా కూర్చోవాలి.

వాడు బిళ్ళ జేబులో పెట్టుకుని సరాసరి మామ్మ దగ్గరికొచ్చి, ఈ తమాషాకి నేను పోనని చెప్పాడు. అప్పయమ్మ చేట పక్కన పెట్టింది.

“డూటీ ఏసినాక ఎల్లకపోతే ఎలాగ నాయనా. మీ తాత రిలీవర్ రాకండా ఒక్కపాలీ కేబిన్ దిగనేదు. మా అమ్మన్న పుట్టిన్నాడు కూడా దిగనేదు. మూడోనాడు సూసినాడు పిల్లడ్ని.”

మూడోనాడు చూసినందుకు ఆ రోజుల్లో ఆమె ఎంత ఏడ్చిందో ఆ వీధిలో పెద్దవాళ్ళకి తెలుసు. కానీ ఏళ్ళు గడిచాక ఏడుపు ఆరిపోయి గర్వమే మిగిలింది. సూర్యం బిళ్ళ జేబుకి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

కొత్త పద్ధతిలో మొదటి మంగళవారం వచ్చింది. అప్పయమ్మకి వేసిన వాలంటీరు రాకేష్ అనే కాలేజీ కుర్రవాడు. ఇల్లు సర్కండాలో, ఆసుపత్రికి రెండు వీధుల అవతల. కాలనీ నుంచి కాల్‌మేన్ వాలంటీరు నది దాటి వెళ్ళి అతన్ని పిలిచాడు. అతను నది దాటి కాలనీకి వచ్చాడు. ఆమెని ఎక్కించుకుని మళ్ళీ నది దాటాడు. (ఇదేం ఏర్పాటని ఎవరో అడిగితే, వరసలో అతని పేరే వచ్చిందని త్రినాథరావు గారు ఓపికగా వివరించారు.) రాకేష్ మంచి కుర్రవాడే. ఆమెని చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. కానీ బండి నడుస్తుండగా మాటలాడరాదన్న రూలు ఉన్నందువల్ల దారిలో నోరు విప్పలేదు. అర్పా ఎప్పుడు దాటారో ఆమెకి తెలియనే లేదు.

చదువుకునే పిల్లల్ని పీల్చి పిప్పి చేయకూడదు కనుక డ్యూటీ నాలుగు గంటలని కమిటీ నిర్ణయించింది. ఆ నాలుగు గంటలు కాల్ అందిన నిమిషం నుంచి మొదలు. ఆసుపత్రి వరసలో అప్పయమ్మకి ముందు ఇంకా ఇద్దరుండగా రాకేష్ డ్యూటీ అయిపోయింది. రిలీవర్ జాడ లేదు. (రిలీవర్‌ని పిలవవలసిన కాల్‌మేన్‌ని పిలవవలసినవాడికి ఆ రోజు పరీక్ష.)

గూడ్సు బండిలో సిబ్బందికి గంటలు మించిపోతే ఏం చేస్తారో రైల్వే పిల్లలందరికీ తెలుసు. దారిలో ఏదో ఒక స్టేషన్లో బండిని పక్క లైనుకి తప్పించి, దొర్లిపోకుండా చక్రాల కింద చెక్కలు పెట్టి, స్టేషన్ మాస్టరుకి రాతపూర్వకంగా అప్పగించి దిగిపోతారు. దీన్నే బండిని స్టేబుల్ చేయడం అంటారు. రాకేష్ కూడా అప్పయమ్మని వరసలోంచి లేపి, గేటు బయట టీ కొట్టు బల్ల మీదికి తప్పించాడు. ఆమెకి చక్రాలు లేవు కనుక చెప్పులు విప్పించి కొట్టువాడి దగ్గర పెట్టాడు. ఒక మెమో రాశాడు: ముసలామె ఒకరు, చేతిసంచి ఒకటి, చెప్పులు ఒక జత (ఎడమది తెగినది), అన్నీ మంచి స్థితిలో అప్పగించడమైనది. కొట్టువాడి సంతకం తీసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన అమ్మన్న, తల్లి ఇంటికి చేరలేదని విని పరుగున ఆసుపత్రికి వెళ్ళాడు. సంతకం లేకుండా మనిషిని వదలనని కొట్టువాడు మొండికేశాడు. అమ్మన్న కోపంగా మెమో లాక్కుని దీపం కింద చదివాడు. మళ్ళీ చదివాడు. గార్డు ఉద్యోగంలో అంత శుభ్రమైన మెమో అతని కంట పడలేదు. ఎడమ చెప్పు తెగిన సంగతి కూడా వదలలేదు. కోపం ఎటో పోయింది.

“కాయితం సరిగ్గానే ఉన్నాదమ్మా,” అన్నాడు సంతకం పెడుతూ.

“అయితే సరే,” అంది అప్పయమ్మ. చెప్పులు తొడుక్కున్నాక, “నాకు ముందర ఇద్దరే ఉన్నారురా,” అంది మెల్లగా.

జరిగినదాన్ని కమిటీ నిజాయితీగా సమీక్షించుకుంది. లోపం ఒక్కటే, వాలంటీర్లు చాలడం లేదు. వెంటనే మరికొందరు యువకుల్ని ప్రోత్సహించారు. పై మంగళవారం రాకేష్‌ని దింపడానికి రిలీవర్ ఠంచనుగా వచ్చాడు. అయితే అప్పయమ్మ దగ్గింది. మంచి స్థితిలో అని ఉన్నచోట సంతకం పెట్టడానికి అతను ఒప్పుకోలేదు. దగ్గు పాతదో, రాకేష్ చేతిలో ఉండగా వచ్చిందో తేలేసరికి డాక్టరు గది మూసేశారు. ఆ తర్వాతి మంగళవారం దీపావళి. ఆపై వారం వాలంటీర్ల శిక్షణ శిబిరం. ఇలా నవంబరంతా వెళ్ళిపోయింది. మందుబిళ్ళలు మాత్రం ఎవరూ చూడకుండా సూర్యం తెచ్చి ఇస్తూనే ఉన్నాడు. ఆమె నోరు కట్టుకుని చోడి అంబలి తాగుతూ, ఆ డిసెంబరు మంగళవారం ఎప్పుడొస్తుందా అని వేళ్ళు మడుచుకుంటూ కూర్చుంది.

కమిటీ నివేదిక మాత్రం ఆశాజనకంగా వచ్చింది. వాలంటీర్లు ఒకరి నుంచి ఇరవై అయిదుగురయ్యారు. అంటే సేవ ఇరవై అయిదింతలు పెరిగింది. (అదే వ్యవధిలో సేవ అందుకుంటున్నవాళ్ళు ఒకరి నుంచి సున్నాకి తగ్గారు. దానికి నివేదికలో గడి లేదు.)

ఈ ఇరవై అయిదుగురిలో ఎక్కువమంది రిజర్వు. మంగళవారం మంగళవారం హాల్లో కాల్ కోసం కూర్చోవాలి, కదలకూడదు. క్యారం బోర్డు ఉంది కానీ శాశ్వత సభ్యులకే. హాలుకీ అప్పయమ్మ పెరటికీ మధ్య ఒక్కటే గోడ. కుర్రవాళ్ళు ఆకలని నసుగుతుంటే ఆమెకి వినబడింది. చేతులతో తడుముకుంటూనే రవ్వ వేయించి ఉప్మా చేసి, పెద్ద గిన్నెడు టీ కాచి, కిటికీలోంచి అందించింది. పై వారం కుర్రవాళ్ళే పెరట్లోకి వచ్చి కూర్చున్నారు. కట్టెలు కొట్టారు, నీళ్ళు తోడారు, చిన్నతల్లి పిల్లల్ని ఎత్తుకున్నారు. రాకేష్ వచ్చి ఆ రోజు చెప్పులు విప్పించినందుకు మాఫీ అడిగాడు. రూలు రూలే కదా నాయనా అని ఆమె ఇంకో గరిటె వడ్డించింది. ఇన్నేళ్ళ తర్వాత ఇల్లు అలా నిండడం ఆమెకి పండగలా అనిపించింది.

ఇదంతా చూసి ఎవరైనా సేవ అనుకుంటారని కాబోలు, ఎవరూ కమిటీకి చెప్పలేదు. కానీ హాజరు పెరిగింది. రమ్మనని రోజుల్లో కూడా వాలంటీర్లు వస్తున్నారు. కారణం ఏమిటని త్రినాథరావు గారు ఆరా తీశారు. యువతను ఎవరో అనుమతి లేకుండా ప్రోత్సహిస్తున్నారని తేలింది.

ఆయన స్వయంగా అప్పయమ్మ గుమ్మంలోకి వచ్చాడు. బరువైన గొంతు, కిర్రుమనే బూట్లు. ఆ గొంతు వినగానే ఆమె ముసుగు సర్దుకుని లేచి నిలబడింది. షెడ్డులో ఆ గొంతు వేసిన డ్యూటీలకి డ్రైవర్లే గజగజలాడేవారని భర్త చెప్పేవాడు. ఆయన ఆమెని తిట్టలేదు. పైగా మెచ్చుకుని, యువజన వాలంటీరుకు ముప్పై ఏళ్ళు మించరాదన్న నిబంధనను ఆమె విషయంలో నలభై ఒక్క ఏళ్ళ మేరకు సడలించి, టీ విభాగంలో నమోదు చేసుకుని, బిళ్ళ ఇచ్చాడు.

అప్పలసూరికి నంబరు వేసిన ఇత్తడి బిళ్ళ ఉండేది. ముప్పై ఏళ్ళు దాన్ని తోమింది ఆమే. ఇప్పుడు తనకే ఒకటి వచ్చింది. సాయంకాలమంతా గడపలో కూర్చుని కొంగుతో దాన్ని తుడుస్తూ, మీద ఏముందో వేళ్ళతో తడుముతూ ఉండిపోయింది.

వాలంటీరుగా నమోదైనవారు సేవ కోరరాదన్నది మరో నిబంధన. ఆసుపత్రికి తీసుకెళ్ళమని అప్పయమ్మ పెట్టుకున్న దరఖాస్తు ఆ రోజే తనంతట తాను రద్దయిపోయింది. ఈ సంగతి ఆపరేషన్ల మంగళవారానికి రెండు రోజుల ముందు బయటపడింది. సూర్యం కమిటీ ముందుకెళ్ళి, ఒక్కరోజు నన్ను మంగ్లా నుంచి వదలండి, నేను తీసుకెళ్తాను అన్నాడు. అత్యవసర సమావేశం పెట్టారు. ఒక కన్ను విషయం కనుక మానవతా దృక్పథంతో చూడాలని రాఘవయ్య గారు కంటతడి పెట్టారు. త్రినాథరావు గారు రాత్రంతా రూళ్ళు తిరగేసి మార్గం కనిపెట్టారు. వాలంటీరు సేవ కోరకూడదు, నిజమే. కానీ సేవ చేయకూడదని ఎక్కడా లేదు.

ఆ ప్రకారం అప్పయమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళే డ్యూటీ అప్పయమ్మకి వేశారు.

ఈ ఏర్పాటులో ఉన్న సౌలభ్యాలను సభ్యులందరూ గుర్తించారు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు కనుక కాల్‌మేన్ ఖర్చు లేదు. అప్పగింతల దగ్గర తగాదా రాదు. ఒకరు దగ్గినా రెండోవారికి ముందే తెలుస్తుంది.

ఆ మంగళవారం అమ్మన్న కోర్బా లైన్లో ఎక్కడో బొగ్గు బండితో ఆగిపోయి ఉన్నాడు. రిలీవర్ రాలేదు. పిల్లలిద్దరికీ జ్వరం. అయినా ఇద్దర్నీ ఎత్తుకుని వస్తానని చిన్నతల్లి బయల్దేరబోతే అత్తగారు కసిరి ఆపింది. ఎనిమిది గంటలకి బిళ్ళ పెట్టుకుని, కర్ర పట్టుకుని, గుమ్మం దిగింది. హాలు మెట్ల మీద కూర్చున్న సూర్యం పరుగున వచ్చి సైకిలు తెస్తానన్నాడు.

“నీది మంగ్లా డూటీ కాదేటి. ఒగ్గేసి వొస్తే నాను ఎక్కను,” అంది. అని, వాడి భుజం తట్టి సాగిపోయింది.

ఏడు నెలలు వాడు చెప్పిన ఊరు ఆమెకి గుర్తుంది. బెల్లం పాకం వాసన వస్తే మిఠాయి కొట్టు. టంగుమని నారి మోగితే దూది ఏకేవాడు. అక్కడ కుడిచేతికి తిరగాలి. నాలుగు అడుగులకొకసారి ఆగి, ఎవరినో అడిగి, తప్పిపోయి, మళ్ళీ అడిగి, చివరికి ముఖానికి చల్లగాలి తగిలి కర్రకి ఇనప కమ్మీ తగిలితే అర్పా వంతెన అని గ్రహించింది. వంతెన దాటితే ఆసుపత్రి ఎంతో దూరం లేదు. పేర్లు రాసుకోవడం ఒంటిగంట దాకా.

వంతెన మధ్యకి వచ్చేసరికి దూరంగా పన్నెండు గంటల సైరను కూసింది. ఆమె డ్యూటీ నాలుగు గంటలూ అయిపోయాయి.

రూలు తెలిసిన మనిషి. కమ్మీకి ఆనుకుని కూర్చుని, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.

పక్కనుంచి రిక్షాలు పోతున్నాయి, లారీలు పోతున్నాయి. ఎవరూ ఆగలేదు. కాల్ అందుకుని కాలనీకి వస్తున్న రాకేష్ చూశాడు. అతను ఆగాడు, అడిగాడు, ఆమె చెప్పింది విన్నాడు. తను ఇంకా సంతకం పెట్టి డ్యూటీ ఎక్కలేదు కనుక ముట్టుకోవడానికి లేదు. సైకిలు తొక్కుకుంటూ హాలుకొచ్చి, అప్పయమ్మ వంతెన మీద స్టేబుల్ అయిందని, ముందుకు రిలీవర్ కావాలని రిపోర్టు చేశాడు.

సూర్యం త్రినాథరావు గారి వైపు చూశాడు. ఆయన కాగితం తిరగేసి, అది సర్కండా సెక్షను, నువ్వు మంగ్లా, సర్కండా వాళ్ళకి కాల్ పంపిస్తానని చెప్పాడు. ఇరవై నలుగురు కుర్రవాళ్ళు కుర్చీల్లో తలలు వంచుకుని కూర్చున్నారు. అంతమందికి కోపం వచ్చింది. కానీ కోపానికి కూడా ఎవరో కాల్ ఇవ్వాలన్నట్టు ఉండిపోయారు. కమిటీ చరిత్రలో మొదటిసారిగా ఒక వాలంటీరు రిలీవర్ లేకుండా కుర్చీలోంచి లేచాడు.

వంతెన మీద బెల్లు వినగానే ఆమె పోల్చుకుంది.

“డూటీ ఒగ్గేసి వొచ్చినావేటి?”

“నహీ మామ్మా. నీకు రిలీవర్‌ని. నన్నే పంపించారు,” అన్నాడు సూర్యం రొప్పుతూ.

ఆమె చెయ్యి చాచింది. వాడు ముందుకు వంగితే జేబు మీది బిళ్ళ తడిమి చూసింది. తర్వాత చేతిసంచి వాడికి అందించి, “అయితే సార్జి తీసుకో,” అని లేచి చెప్పులు తొడుక్కుంది.

కేరియర్ మీద కూర్చున్నాక, అర్పాలో నీళ్ళెంత ఉన్నాయని అడిగింది. చీలమండ లోతు కూడా లేవని, ఇసుకలో ఎవరో దోసపాదులు పెట్టారని చెబుతూ వాడు ప్రాణం పెట్టి తొక్కాడు. ఆసుపత్రి గుమస్తా పేర్ల పుస్తకం మూస్తుండగా చేరారు. చక్కెర చూశారు. గీతకి కొంచెం కింద ఉంది. ఆ రోజు కోసిన కళ్ళలో ఆమెదే ఆఖరుది.

కట్టు విప్పి, గాయం మానాక, సీసా అడుగులాంటి కళ్ళద్దాలు వచ్చేసరికి జనవరి ఆఖరైంది. యువజన సంవత్సరం ముగిసిపోయింది. (కమిటీ ముగియలేదు.) సూర్యం మీద విచారణ ఆ ఆదివారమే పెట్టారు. ఆరోపణలు మూడు. రిలీవర్ లేకుండా మంగ్లా వదిలేయడం. తానే రిలీవర్‌నని అబద్ధమాడడం. ఎవరూ ప్రోత్సహించకుండా సేవ చేయడం, అదీ రెండోసారి. సాక్షిగా అప్పయమ్మని పిలిచారు.

ఆమె గుమ్మంలో ఆగి హాలంతా చూసింది. గొంతులుగా తెలిసిన కుర్రవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఎవడికి మీసాలొస్తున్నాయో, ఎవడి చొక్కా గుండీ ఊడిందో చూసింది. సూర్యాన్ని మరీ ఎక్కువసేపు చూసింది. ఇంత బక్కగా ఉంటాడనుకోలేదు. ఆమెకి ఏడుపొచ్చింది. డాక్టరు ఏడవొద్దన్నాడని గుర్తొచ్చి ఆపుకుంది.

ఈ కుర్రవాడు నీతో అబద్ధమాడి డ్యూటీ మార్పించాడా అని త్రినాథరావు గారు అడిగారు.

“అబద్దమని నాకప్పుడే తెలుసు బాబూ. సూపు లేనోలికి గొంతు బాగా ఇనబడతాది. తెలిసే ఎక్కినాను. ముప్పై ఏళ్ళు ఆయన దిగనేదు. నాను ఒక్కపాలి దిగినాను.” అప్పుడు ఆ గొంతు ఎటునుంచి వచ్చిందా అని వెతికి, బల్ల వెనక కుర్చీలో కాళ్ళు నేలకానని చిన్నపాటి మనిషిని పట్టుకుని, కళ్ళద్దాలు సర్దుకుంది. “నువ్వేనేటి తిన్నాద్రావు బాబూ? గొంతు ఇని ఎవులో పెద్దమనిసి అనుకున్నాను.”

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి అనుమతి ఉందో లేదో తెలియలేదు. కమిటీ పావుగంట చర్చించి, ఆపరేషన్ వల్ల సాక్షి చూపు అవసరానికి మించి మెరుగైనట్టు నమోదు చేసి, సూర్యాన్ని సేవలోంచి డిస్మిస్ చేసింది. ఇకమీదట అతను ఏ సెక్షన్లోనూ, ఎవరికీ స్వచ్ఛందంగా సేవ చేయడానికి వీల్లేదు. బిళ్ళ వెనక్కి తీసుకున్నారు. అప్పయమ్మ తనది కూడా తీసి బల్ల మీద పెట్టింది, కొంగుతో ఒకసారి తుడిచి.

డిస్మిస్ అయ్యాక సూర్యానికి మంగళవారాలు ఖాళీ దొరికాయి. కంట్లో చుక్కలు వేయించడానికి మామ్మని సైకిలు మీద సర్కండా తీసుకెళ్తున్నాడు. ఇప్పుడు దారిలో కనబడేవన్నీ ఆమే చెబుతుంది, వాడు వింటూ తొక్కుతాడు. మిఠాయి కొట్టు కొత్త బోర్డు ఆమెకి నచ్చలేదు.

ఇది చూసిన మిగతా ఇరవై నలుగురు వాలంటీర్లు తమని కూడా డిస్మిస్ చేయమని దరఖాస్తులు పెట్టుకున్నారు. అవి పరిశీలనలో ఉన్నాయి. నేటి యువతలో సేవాభావం లేదనడానికి ఇంతకంటే రుజువేం కావాలని త్రినాథరావు గారు అడుగుతున్నారు.